ఇందా రోడ్డు మీద ఘటం

మా ఆయన జ్ఞానప్రకాశాన్ని కొట్టినవాళ్ళంతా మా ఇడ్లీలు తిని పెరిగినవాళ్ళే. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఇప్పుడు ఖరగ్‌పూర్‌లో ఎవరిని అడిగినా ఎవరో బయటివాళ్ళు వచ్చి కొట్టిపోయారంటున్నారు. బయటివాళ్ళెవరూ లేరు. హరిబాబు ఉన్నాడు, వాళ్ళ నాన్న నూకయ్య మావ ఉన్నాడు, వాళ్ళ వెనక రైల్వే వర్క్‌షాపులో ఇనుముతో పనిచేసే చేతులు బోలెడు ఉన్నాయి.

మా కొట్టు రైల్వే గోడ అయిపోయే చోట, ఇందా అనే పేట వైపు పోయే రోడ్డు అంచున ఉంటుంది. గోడకి ఇవతల మన తెలుగువాళ్ళ క్వార్టర్లు, అవతల బెంగాలీల బజారు. రెండు పక్కలవాళ్ళూ మా దగ్గర తినేవారు. మొదటి లాక్‌డౌన్‌లో కొట్టు మూసేసి, గ్రైండరు అమ్ముకుని, రేషన్ బియ్యం గంజితో నెట్టుకొచ్చాం. రెండో ఏడు జబ్బు ఇంకా గట్టిగా విరుచుకుపడింది గాని, పొద్దున కాసేపు పార్శిళ్ళు ఇచ్చుకోవచ్చన్నారు. ఆ కాసేపే మా బతుకు. కొట్టు ఇంకోసారి మూతపడితే అమ్ముకోడానికి మా దగ్గర ఏమీ మిగల్లేదు.

అందుకని ఎవరేం చెబితే అది చేశాను. కొట్టు ముందు ముగ్గుపిండితో గుండ్రాలు గీశాను. శానిటైజర్ సీసాని తాడుతో బల్లకి కట్టాను, లేకపోతే అది కూడా ఎవరి సంచిలోకో పోయేది. మాస్కు ముక్కు కిందికి లాక్కున్న పెద్దమనుషులు నేను చేతులు కడుక్కున్నానా లేదా అని నన్ను తనిఖీ చేసేవారు. ఒకావిడ అయితే ఇడ్లీ పొట్లానికి సబ్బునీళ్ళు పూసి మరీ పట్టుకెళ్ళింది. నవ్వొచ్చేది. నవ్వితే గొంతులో గరగర విని దగ్గనుకుంటారని ఆపుకునేదాన్ని.

నూకయ్య మావ రిటైరైన ఫిట్టరు. క్వార్టర్లలో అమ్మవారి పూజ ఆయన చేతుల మీదే జరుగుతుంది. ఆయన కోడలు, హరిబాబు పెళ్ళాం శ్రావణికి జబ్బు తగులుకుంది. ఏ ఆసుపత్రిలోనూ మంచం దొరకలేదు. ఎక్కడినుంచో ఒక ఆక్సిజన్ సిలిండరు తెచ్చి ఇంట్లోనే పెట్టారు. హరిబాబు ఆ సిలిండరు ముల్లు చూస్తూ కూర్చుంటే, ముసలాయన తనకు చేతనైన పని ఒకటి పెట్టుకున్నాడు. వాళ్ళ తాతలు శ్రీకాకుళం వైపునుంచి రైలు పనికి వచ్చినప్పుడు తెచ్చుకున్న పద్ధతి అది. ఊళ్ళో జబ్బు పడితే అమ్మవారిని సాగనంపాలి. మట్టి ఘటంలో పసుపన్నం పెట్టి, కోడి నెత్తురు కలిపి, పైన వేపమండలు కట్టి, డప్పులతో పొలిమేర దాకా మోసుకెళ్ళి, అక్కడ దించి వెనక్కి చూడకుండా వచ్చేయాలి. ఆ ఘటాన్ని ముట్టుకున్నవాడికి జబ్బు వస్తుంది. దాన్ని ఎవరైనా మళ్ళీ లోపలికి తెస్తే ఊరంతటికీ వస్తుంది. మేము క్రైస్తవులం, నా దోర్కమ్మ పేరు కూడా బైబిల్లోదే. మాకు ఇదంతా చూసి తెలుసు గాని చేసి తెలియదు.

తాతల రోజుల్లో గోడ అయిపోయే చోట ఖాళీ జాగా ఉండేదట. అదే వాళ్ళ పొలిమేర. ఇప్పుడు అక్కడ మా కొట్టు ఉంది. పొద్దున్నే నేనూ మా ఆయనా పిండి గిన్నె పట్టుకుని వెళ్ళేసరికి, సరిగ్గా మా పొయ్యి ముందు, నేను గీసిన మొదటి గుండ్రంలో, రాత్రి వాళ్ళు దించిపోయిన ఘటం కూర్చుని ఉంది.

పొయ్యి వెలిగించాను. వచ్చిన మొదటి మనిషి ఘటాన్ని చూసి, మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చినవాళ్ళూ అంతే. రోజూ పార్శిల్ పట్టుకెళ్ళే బెంగాలీ అన్న, టోటో అనే బ్యాటరీ రిక్షా తోలే దాదా, బండి ఆపకుండా రోడ్డుకి అవతలి అంచునే పోయాడు. ఇవాళ్టికి కట్టేద్దాం అన్నాడు మా ఆయన. పిండి పులిసిపోతుంది, రేపు కూడా ఇది ఇక్కడే ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది, అప్పుడేం చేస్తామని నేను గొడవ పెట్టుకున్నాను. కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. రెండు గుడ్డలు చేతులకి చుట్టుకుని ఘటాన్ని ఎత్తాను.

ఎత్తాక ఎక్కడ పెట్టాలో ఆలోచించాను, అదే మా కొంప ముంచింది. రోడ్డు మీద పెడితే ఏ బండో గుద్ది పగలగొడుతుంది. వాళ్ళ దేవత, వాళ్ళ బాధ, పాపం, పగలకూడదు అనుకున్నాను. గోడకి లోపల, క్వార్టర్ల వైపు, నీడగా, చదునుగా ఒక జాగా ఉంది. పసిపిల్లని పడుకోబెట్టినట్టు మెల్లగా అక్కడ దించి, జారిన వేపమండ కూడా సరిచేసి వచ్చాను. కాలితో ఒక్క తన్ను తన్ని రోడ్డు అవతల పారేసి ఉంటే మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అనేవారు కాదు. మర్యాద చేశాను. ఆ మర్యాదే వాళ్ళ అమ్మవారిని తిరిగి ఊళ్ళోకి తెచ్చి కూర్చోబెట్టింది.

ఆ మధ్యాహ్నం శ్రావణి చచ్చిపోయింది.

ఆ పిల్ల నాకు తెలుసు. కడుపుతో ఉన్నప్పుడు మా కొట్టు వెనక పీట మీద కూర్చుని వేడివేడి ఇడ్లీలోకి ఒట్టి కారప్పొడి వేయించుకుని తినేది. కబురు తెలిసి నేను ఏడ్చాను. ఏడుస్తూనే పప్పు నానబోశాను, ఎందుకంటే మర్నాడు కొట్టు తెరవాలి.

మర్నాడు పొద్దున వాళ్ళు వచ్చారు. డప్పులు లేవు, అరుపులు లేవు. చెప్పుల చప్పుడు మాత్రం వినిపించింది. ఘటం గోడ లోపల ఉండడం వాళ్ళు చూసేశారు. హరిబాబు ముందున్నాడు. రాత్రంతా శవం దగ్గర కూర్చున్న మొహం. చేతిలో ఇనప రాడ్డు ఉంది. దాన్ని లోపలికి ఎవరు తెచ్చారని అడిగాడు.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన బల్ల దాటి ముందుకొచ్చాడు.

“నానే పెట్టినాను. ఆడదానికేటీ తెలీదు.”

కాదు, నేనే పెట్టానని ఎంత మొత్తుకున్నా నా మాట ఎవరికీ పట్టలేదు. మొదటి దెబ్బ భుజం మీద పడింది. రెండోది మోచేతి మీద. ఎముక విరిగిన చప్పుడు నాకు స్పష్టంగా వినపడింది. ఎవడో పొయ్యిని తన్నాడు. మరుగుతున్న సాంబారు బల్ల మీదుగా పారి మా ఆయన కాళ్ళ మీద పడింది. ఆయన అరిచిన అరుపుకి గోడ మీద కాకులన్నీ లేచాయి. ఇడ్లీ పాత్రని రోడ్డు మీదకి విసిరేశారు. పెనం తీసుకుని గ్యాసు బండని బాదారు. బల్ల విరిచి, ఆ చెక్కలతోనే ఆయన్ని కొట్టారు. పక్క క్వార్టరు కుర్రాడు, మాస్కు మాత్రం ముక్కు దాకా సరిగ్గా కట్టుకుని, ఆయన నడుం మీద తంతూనే ఉన్నాడు.

నేను చేతులు కట్టుకుని చూశాననుకోకండి. పొయ్యి పక్కన పడి ఉన్న అట్లకాడ అందుకుని హరిబాబు మొహం మీద కొట్టాను. కాలిన ఇనుము. చెంప చీలి నెత్తురు కారింది. వాడు నన్ను జుట్టు పట్టుకుని గోడకేసి గుద్దాడు. నా నోట్లో పన్ను ఊడింది. ఉమ్మేసి మళ్ళీ లేచి వాడి చెయ్యి కొరికాను. చేతులు కడుక్కోమని, మీటరు దూరం నిలబడమని రోజూ గోల పెట్టిన మనుషులం, ఒకరి నెత్తురు ఒకరికి పూసుకుంటున్నాం.

నూకయ్య మావ వచ్చి ఆపాడు. కోడలికి చితి పేర్చే పని మధ్యలో వదిలేసి వచ్చాడో ఏమో, తలకి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. కింద పడి ఉన్న మా ఆయన్ని చూసి ఆయన కళ్ళలో జాలి కదిలింది. అది నేను చూశాను. కానీ వెనక నిలబడినవాళ్ళ ఇళ్ళలో కూడా మంచాన పడ్డవాళ్ళు ఉన్నారు. వాళ్ళందరూ ఆయన నోటివైపే చూస్తున్నారు.

“సంపొద్దు,” అన్నాడు. “తెచ్చినోడే దాటించాల. ఆడి నెత్తినెట్టండి.”

ఘటాన్ని తెచ్చి మా ఆయన నెత్తిన పెట్టారు. విరిగిన చెయ్యి వేలాడుతోంది. రెండో చేత్తో పట్టుకున్నాడు. నుదుటి నెత్తురు కళ్ళలోకి దిగుతుంటే తుడుచుకోడానికి చెయ్యి లేదు. వెనకనుంచి వేపకొమ్మలతో బాదుతూ తోలారు. కాలిన కాళ్ళతో ఆయన గోడ దాటాడు, మా విరిగిన బల్ల దాటాడు, ఇందా రోడ్డు ఎక్కాడు. ఇంకా ముందుకి పొమ్మన్నారు. ఈసారి బాగా దూరంగా వదలాలని అందరి మాట.

ఇందా బజారులో అప్పుడే కొట్లు తెరుస్తున్నారు. ఒక గుంపు, ముందు ఒక మనిషి, వాడి నెత్తిన వేపాకుల కుండ. వాళ్ళ వీధిలో కూడా చావులున్నాయి. ఇదేమిటో వాళ్ళకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. జబ్బుని తెచ్చి తమ గుమ్మంలో పారబోస్తున్నారని అర్థమైపోయింది. వెదురు కర్రలు బయటికొచ్చాయి. మా దగ్గర రోజూ ఇడ్లీ కొనే చేపల కొట్టు దాదా అందరికంటే ముందు నిలబడి, “ఏదికే ఆష్‌బే నా” అన్నాడు, ఇటు రావద్దని. మా ఆయన ఇంకో అడుగు వేశాడు, వెనక తోలుతున్నారు మరి. ఇటుక ముక్క వచ్చి ఆయన మోకాలికి తగిలింది. ఇంకోటి వెనక ఉన్న ఎవడి తలకో తగిలింది. అంతే, మనవాళ్ళు గోడ దాకా పరుగెత్తి, అక్కడ ఆగి, వాళ్ళూ రాళ్ళు ఏరడం మొదలుపెట్టారు.

నడిరోడ్డు మీద మా ఆయన ఒక్కడే మిగిలాడు. ఘటం ఆ పక్క దించితే బెంగాలీలు చంపుతారు. ఈ పక్కకి తెస్తే మనవాళ్ళు చంపుతారు. కింద పడేస్తే ఇద్దరూ చంపుతారు. రాళ్ళు ఆయన పక్కనుంచి పోతున్నాయి. ఘటం ఒక పక్కకి ఒరుగుతోంది. ఇంకాసేపట్లో పడిపోతాడు.

నేను పరుగెత్తాను. ఒక రాయి నా వీపుకి తగిలింది, ఎవరు వేశారో తెలియదు. ఆయన నెత్తిమీంచి ఘటం దించి, తారు రోడ్డు మీద చతికిలబడి, మాస్కు లాగి పారేసి, వేపమండలు తీసేశాను. లోపల అన్నం వేడికి పులిసి కంపు కొడుతోంది. నెత్తురు కలిసిన చోట నల్లగా గడ్డకట్టింది. విగ్రహాలకి పెట్టినది ముట్టకూడదని మా అత్త ఎలీసమ్మ పెళ్ళైన కొత్తలోనే నా చేత ఒట్టు వేయించుకుంది. నిండా చెయ్యి పెట్టి ముద్ద చేసి నోట్లో పెట్టుకున్నాను. ఊడిన పంటి నెత్తురుతో కలిపి మింగాను. ఇంకో ముద్ద తిన్నాను. రాళ్ళు ఆగిపోయాయి. కుండ అడుగు కనపడేదాకా తిన్నాను.

లేచి నిలబడి మనవాళ్ళ వైపు తిరిగాను.

“అమ్మోరు నా కడుపులో ఉంది. ఇప్పుడు నన్ను ఏ పక్కకి తోల్తారో తోలండి.”

హరిబాబు చేతిలో రాడ్డు అలాగే ఉంది గాని వాడు ఒక్క అడుగు కూడా ముందుకు వేయలేదు. నేను మా ఆయన్ని నడుం పట్టుకుని ఇందా వైపు నడిపించాను, ఆసుపత్రి అటే. కర్రలు పట్టుకున్నవాళ్ళు కొట్ల మెట్లెక్కి దారి ఇచ్చారు. ఒక్క టోటో ఆగలేదు. ఆసుపత్రి దాకా నడిచాం. ఆయన ఎన్నిసార్లు కూలబడ్డాడో అన్నిసార్లు నేనే లేపాను. ముద్ద నోట్లో పెట్టినప్పుడే నాకు తెలుసు, ఇంక నా చేతి తిండి ఈ రెండు పక్కల్లో ఎవరూ తినరని. తెలిసే తిన్నాను. మనిషి కావాలా కొట్టు కావాలా అంటే మనిషే కావాలి కదా.

ఆయన చెయ్యి అతుక్కుంది, కాస్త వంకరగా. పాత బల్లకి మేకులు కొట్టి, అప్పడిగి తెచ్చిన పాత్రతో కొట్టు మళ్ళీ తెరిచాను. ఎవరూ రాలేదు. చేపల కొట్టు దాదా దూరంనుంచే నమస్కారం పెట్టి పోయేవాడు. అది భక్తో భయమో నాకు తెలియదు. మా అత్త నాతో మాట్లాడటం మానేసింది.

ఒక పొద్దున నూకయ్య మావ వచ్చాడు. గోడ దగ్గరే ఆగిపోయాడు. మనిషి సగమైపోయాడు. అక్కడినుంచే అడిగాడు.

“జరమేటైనా ఒచ్చిందేటి దోర్కమ్మా?”

ఆ గొంతులో ఆశ ఉంది. నాకు జ్వరం వచ్చి, మంచాన పడి లేచి ఉంటే, పోనీలే, పీడ పోయిందని అందరూ మళ్ళీ వచ్చేవారు. ఆయన కూడా వచ్చేవాడు. అబద్ధం చెప్పొచ్చు. చెబితే కొట్టు బతుకుతుందని కూడా తెలుసు. కానీ ఆయన మా ఆయన నెత్తిన కుండ పెట్టించిన మనిషి. ఆయనకి ఆ ఊరట నేను ఇవ్వదలచుకోలేదు.

“లేదు మావా. తుమ్మైనా రాలేదు.”

ఆయన తల వంచుకుని వెళ్ళిపోయాడు. జబ్బు తగ్గింది, మాస్కులు పోయాయి, ఊళ్ళో కొట్లన్నీ తెరిచారు. అమ్మవారు నాలో కుదురుగా కూర్చుందని, అందుకే నాకేమీ కాలేదని ఇప్పటికీ అనుకుంటున్నారు. కొన్నాళ్ళు ఉడికించిన ఇడ్లీలు మేమే తిన్నాం. తర్వాత పప్పు నానబోయడం మానేశాను.