పదేళ్ల చక్రాలు

రోజూ ఆఫీసుకు తొక్కే సైకిలు చక్రాలు రెండూ వంకరపోయాయి. అల్లుడు దాన్ని ఈడ్చుకుంటూ మెకానిక్ దగ్గరికి వెళ్లాడు. ఇంట్లో అల్లుడే గానీ, మామగారి ఆఫీసులో మాత్రం కిటికీ లేని గదిలో బిల్లులు రాసే గుమస్తా.

మెకానిక్ రెండు రకాలు చూపించాడు.

"ఇవి చవక సార్, ఏడాది తిరక్కుండానే వంగుతాయి. ఇవి కాస్త ఎక్కువ. కానీ స్పోకులు గట్టివి, పదేళ్లదాకా చూసుకోనక్కర్లేదు."

పదేళ్లనేసరికి అల్లుడు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. తన చేత్తో ఆ చక్రాలు కొన్నాడంటే, ఆ గదిలో పదేళ్లు కూర్చుంటానని తనే మాటిచ్చినట్టు. మామగారు కూడా అంతకాలం అడగలేదు.

"చవకవే బిగించు. ఎట్లాగూ ఆర్నెల్లలో మానేస్తున్నా. అంతదాకా నడిస్తే చాలు."

మెకానిక్ ముఖంలో నవ్వు లేదు, వెటకారం లేదు. పక్కగదిలో ఉన్న భార్యకు వినపడేలా మామూలుగా కేకేశాడు.

"ఇదిగో, ఆర్నెల్ల సారొచ్చారు. ఆయన జత పట్రా."

"పోయిన నెలే తీసి పెట్టానుగా," అంది ఆవిడ లోపల్నించి. "ఈసారి కాస్త ఆలస్యమయ్యారు."