సుభద్ర గోడ

ఫరీదాబాద్‌లో ఆ రోజు తాపీ పరీక్ష. రెండు గంటల్లో నడుమెత్తు గోడ కట్టాలి. నిలువు తప్పకపోతే మేస్త్రీ కార్డు ఇస్తారు. అది చేతికొస్తే సుభద్ర పేరు హాజరు పుస్తకంలో కూలీల కింద కాక మేస్త్రీల కింద రాయక తప్పదు. ఆడామగా తేడా చూపకూడదని చట్టం ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. వాళ్లకు పని ఇచ్చే ఠేకేదారు చెవికి మాత్రం ఆ సంగతి ఇన్నాళ్లూ ఎక్కలేదు.

పరీక్షకు ఒక హెల్పరును తెచ్చుకోవచ్చు. సుభద్ర మొగుణ్ణే తెచ్చుకుంది. పాలమూరు నుంచి వచ్చిన కనకయ్య పద్దెనిమిదేళ్లుగా మేస్త్రీ. అన్నేళ్లూ అతనికి ఇటుకలందించింది ఆమే. ‘పెళ్లాం కింద హెల్పరా’ అని తోటివాళ్లు ఆటపట్టిస్తే నవ్వేశాడు గానీ, లోపల గుచ్చుకుంది. మధ్యలో ఎక్కడో తడబడుతుందిలే, తానే చెప్పాల్సి వస్తుంది అనుకున్నాడు.

“హెల్పర్ గోడను ముట్టుకుంటే పరీక్ష రద్దు,” అని ఇంజినీరు రాజీవ్ హిందీలో హెచ్చరించి గడియారం చూశాడు.

సుభద్ర దారం కట్టింది, సిమెంటు మాలు పరిచింది. తొట్టిలోంచి తడి ఇటుక తీసి, అలవాటు కొద్దీ కనకయ్య ముందుకు చాపింది. అలవాటు కొద్దీ అతని చెయ్యీ లేచింది. అందుకుని గోడమీద పెట్టేసేవాడే! చటుక్కున చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

“నాకెందుకిస్తున్నవే? ఇయ్యాల మేస్త్రివి నువ్వే.”

సుభద్ర నాలుక కరుచుకుని గోడవైపు తిరిగింది. ఇక వెనక్కి చూడలేదు, ఎడమ చెయ్యి మాత్రం చాపింది. కనకయ్య అందులో ఇటుక పెట్టాడు. ఆమె చూడకుండానే దాన్ని తిరగేసి, మాలు పట్టేందుకు గుంట ఉన్న వైపు పైకి వచ్చేలా పేర్చింది. రెండోదీ తిరగేసింది. మూడోదీ అంతే.

అప్పుడు తట్టింది కనకయ్యకు. పద్దెనిమిదేళ్లలో తాను ఒక్క ఇటుకనూ తిప్పుకోలేదు. ఎన్ని అంతస్తులు, ఎన్ని లక్షల ఇటుకలు! ప్రతిదీ తడిసి, గుంట పైకే ఉండి, సరిగ్గా అరచేతిలోకి వచ్చేది. తన చేతి వేగాన్ని అందరూ మెచ్చుకుంటే అదంతా తనదేననుకున్నాడు. నాలుగో ఇటుకను తనే తిప్పి ఆమె చేతిలో పెట్టాడు. గోడ లేస్తున్నంతసేపూ అలాగే తిప్పి అందించాడు. చెప్పాల్సినదేమీ అతనికి కనబడలేదు.

నిలువు చూడటానికి రాజీవ్ తూకం గుండు వేలాడదీశాడు. దాని దారం గోడకు పైనుంచి కిందిదాకా ఒకే ఎడంలో నిలిచింది.

“ఠీక్ హై, పాస్,” అని కాగితం మీద మేస్త్రీ పేరు సుభద్ర అని రాసుకుని, తల ఎత్తకుండానే అడిగాడు. “హెల్పర్ కా నామ్?”

“కనకయ్య,” అన్నాడు కనకయ్య, అక్కడున్న వాళ్లందరికీ వినబడేలా.