నా లోపలి ఇరుకు

నేను ఒక ఉక్కు గొట్టాన్ని. బయటినుంచి చూస్తే మా అన్న లావూ నా లావూ ఒకటే. అతనికి పట్టే మూత నాకూ పడుతుంది. పుట్టినచోట అన్న వీపున షెడ్యూల్ నలభై అనీ, నా వీపున ఎనభై అనీ రాశారు. అంకె పెద్దదైతే బెజ్జం పెద్దదనుకుంటారు మనుషులు. పెద్దదయ్యేది గోడ మందం. అదీ లోపలికే పెరుగుతుంది. అన్న విశాలం, నేను ఇరుకు.

చక్కెర ఫ్యాక్టరీలో ఇద్దరం ఆవిరి మోశాం. చెరుకు పానకం మరిగే వాసనలో, ఒంట్లోంచి తెల్లని మబ్బు పరుగెడుతుంటే, నాకు కాలం తెలియలేదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక జిలానీ పాతినుము కొట్టుకు చేరాం. వానలు మా లోపలే నిద్రపోయాయి. తుప్పు మాత్రం మేలుకునే ఉంది.

ఒకనాడు గవరమ్మ, ఆమె మొగుడు పోలారావు వచ్చారు. వాళ్ళ వంగతోట మెట్ట మీద ఉంది, నీళ్ళు పారే గెడ్డ కింద ఉంది. ఇంజను పెట్టి నీళ్ళు ఎక్కిస్తుంటే ప్లాస్టిక్ గొట్టం ఎప్పుడూ మెట్ట మొదట్లోనే పగులుతోంది. తోట పూత మీదుంది. ఇంకోసారి పగిలితే పూతంతా మాడిపోతుంది.

"నాలుగు కేజీల పైపన్నాడు కొట్టోడు. బెల్లం కాటా మీద తూయించినాను. ఐదు తూగింది! ఆడే మోసపోయినాడని సంబరపడ్డాను," అన్నాడు పోలారావు.

"గుమ్మిడికాయనుకున్నావేటి మావా, తూకానికి కొన్నావు?" అంది గవరమ్మ.

జిలానీ నవ్వాపుకోలేకపోయాడు. "అది బరువు కాదు పోలారావూ. లోపల గోరంత చోటు మీద నీళ్ళు ఎన్ని కేజీల బలంతో నెడితే ఓర్చుకుంటుందో, ఆ లెక్క. ఇంజను ఆపగానే మెట్టమీది నీళ్ళన్నీ ఎనక్కొచ్చి కింద కొడతాయి. పైనది అలాగే ఉంచు. కింద మాత్రం ఉక్కు ఎయ్యి."

గవరమ్మ నన్నెత్తి, నాలోంచి ఆకాశాన్ని చూసింది. "ఇంత ఇరుకులోంచి నీళ్ళేటి ఎల్తాయి? ఆ పక్కది బాగుంది," అంది అన్నను చూసి.

జిలానీ సుత్తితో అన్నను తట్టాడు. డొల్లగా పలికి, తట్టినచోట పెచ్చు రాలింది. నన్ను తట్టాడు. గుడిగంటలా మోగాను. తుప్పు ఇద్దరినీ సమానంగానే తింది. అన్నకు గోడ మిగల్లేదు, నాకు మిగిలింది. అన్న నోట్లో అప్పటికే పిచ్చుక గూడుంది. అతన్ని అలాగే వదిలి వచ్చాను.

మెట్ట మొదట్లో నన్ను బిగించారు. ఇంజను మొదలైంది. ఆవిరి నడిచిన దారిలో చల్లని నీళ్ళు. కల మారినట్టుంది. పైన వంగమడి తడిసింది.

అసలు గండం అప్పుడు. పోలారావు తోటలోకి ఎక్కాడు, గవరమ్మ ఇంజను ఆపింది. మెట్టంత నీరు వెనక్కి విరిగి నా గుండెమీద పడింది. ఒళ్ళంతా ఝల్లుమంది. ఆమె చెయ్యి నా మీదే ఉంది.

"పగిలిందేటే ఓలే?" పైనుంచి కేక.

గవరమ్మ వంగి నాకు చెవి ఆనించింది. లోపల నీళ్ళు మెల్లగా సర్దుకుంటున్నాయి.

"లేదు మావా," అంది, ఎవరో నిద్రపోతున్నట్టు గొంతు తగ్గించి.

పైకి వినబడలేదు. నాకు వినబడింది.