ధర చెప్పినవాళ్ళు

ఆ మార్చి నెల పదో తేదీన రేవు బజారులో జరిగింది నేను కళ్ళారా చూశాను. మా సూపర్వైజరు చోన్, గప్సున్ పిన్ని కూరగాయల దుకాణం ముందు నిలబడి, నాతోపాటు ధరలు రాసే యోన్‌హ్వా చేతిలోని కాగితం లాక్కున్నాడు. అందులో క్యాబేజీ ఒక్కోటి మా కొరియా డబ్బులో పధ్నాలుగు వందల వన్‌లని రాసి ఉంది. దాన్ని కొట్టేసి తొమ్మిది వందలని రాశాడు.

"ఆ ధరకి ఎక్కడ దొరుకుతుంది సార్?" అంది యోన్‌హ్వా.

దుకాణం వెనక పారెయ్యడానికి పెట్టిన కుళ్ళు క్యాబేజీని చోన్ కాలితో ముందుకి తోశాడు. "ఇది క్యాబేజీ కాదా? ఇదెంతకిస్తావు ముసలమ్మా?"

"అది పందులకేసేది నాయనా. నీకు కావాలంటే ఊరికే ఇస్తా, పట్టుకుపో" అంది పిన్ని.

బజారంతా నవ్వింది. చోన్ మొహం కందగడ్డలా అయింది. పిన్ని క్యాబేజీల బుట్టని ఒక్క తన్ను తన్నాడు. అరవై ఐదేళ్ళ మనిషి మోకాళ్ళ మీద కూలబడి, బురదలో దొర్లిన క్యాబేజీలు ఏరుకుంది. యోన్‌హ్వా కూడా పక్కన కూర్చుని ఏరింది. నేను నిలబడే ఉన్నాను. నిజం దాచి మీకీ కథ చెప్పడంలో అర్థం లేదు. ఆ క్షణాన నాకు చోన్ మీద కోపం రాలేదు. బజారంతా యోన్‌హ్వా వైపే చూస్తోందని ఒళ్ళు మండింది.

నా పేరు ఓక్‌బున్. కొరియా దక్షిణ తీరంలో ఈ ఊరి ధరలు పదకొండేళ్ళు రాశాను. నెలకి మూడుసార్లు కూరలు, కానాగంత చేపలు, ఎండు నెత్తళ్ళు, బొగ్గు దిమ్మలు, గదుల అద్దెలు. మేం రాసిన కాగితాలు రాజధానికి పోయి ఒక్క అంకె అయి తిరిగొచ్చేవి. ఎగుమతి ఫ్యాక్టరీల యజమానులు జీతాల మాటలకి కూర్చున్నప్పుడు ఆ అంకెనే బల్ల మీద పెట్టేవాళ్ళు. "ధరలు నూటికి మూడే పెరిగాయి. మీకూ మూడే" అనేవాళ్ళు. ఆ అంకె చిన్నదిగా ఉండాలని మా కాంట్రాక్టరుకి పైనుంచి చెప్పేవాళ్ళు. మేం ఎనిమిదిమంది ఆడవాళ్ళం. అందరం రోజుకూలీలమే. ఊరందరి ధరలు రాసే మాకు నాలుగేళ్ళుగా కూలి పెరగలేదు.

యోన్‌హ్వా మా దగ్గర చేరి అప్పటికి ఎనిమిది నెలలు. ఇరవై ఆరేళ్ళ పిల్ల. అంతకుముందు చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో యూనియన్ పెట్టబోయి ఉద్యోగం పోగొట్టుకుంది. నేను వెళితే బజారువాళ్ళు "తొందరగా రాసుకో, బేరం చెడుతుంది" అనేవాళ్ళు. ఆమె వెళితే కూర్చోమని పీట వేసేవాళ్ళు. ఆదివారాలు చర్చి వెనక గదిలోకి ఫ్యాక్టరీ ఆడపిల్లలు ఆమెను పిలిపించుకునేవాళ్ళు, ఆ అంకె ఎలా పుడుతుందో చెప్పమని. పదకొండేళ్ళుగా ఆ అంకెకోసం అరిగినవి నా కాళ్ళు. నన్నొక్కరూ అడగలేదు.

బజారు గొడవ తర్వాతి ఆదివారం పిలవకుండానే వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. యాభైమంది నేల మీద ఇరుక్కుని కూర్చున్నారు. యోన్‌హ్వా చేతిలో నల్ల అట్ట నోటుబుక్కు. చోన్ కొట్టేసిన అసలు ధరలన్నీ అందులో ఉన్నాయి.

"అక్కా, మా జీతం పోయినేడాదికన్నా పెరిగిందంటున్నారు. మరి నెలాఖరుకి ఈ ఏడుపేమిటి?" అంది బూట్లు కుట్టే పిల్ల.

"పోయినేడాది నీ జీతానికి బియ్యం ఎన్ని బస్తాలొచ్చేవి?"

"నాలుగు."

"ఇప్పుడు?"

ఆ పిల్ల వేళ్ళు మడిచి, "మూడూ రావు" అంది. గది అంతా గొణిగింది. "అంటే మన కంచంలోంచి తీసి మనకే పెంచామంటున్నారన్నమాట" అంది వెనకనుంచి ఇంకొకామె.

అప్పుడు యోన్‌హ్వా నన్ను చూసింది. "ఓక్‌బున్ అక్క వచ్చింది. నాకీ పని నేర్పింది తనే" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. నా కడుపుమంట రెట్టింపయింది. ఆ చప్పట్లు కూడా ఆమె ఇప్పించినవే.

మర్నాడు చోన్ నన్ను గదిలోకి పిలిచి బార్లీ టీ ఇచ్చాడు. పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

"పర్మనెంటు పోస్టు ఒకటి వచ్చిందమ్మా. న్యాయానికి నీకు రావాలి. పైవాళ్ళేమో యోన్‌హ్వా అంటున్నారు. చురుకైన పిల్లట. నీకు తెలిసిందేమైనా ఉంటే..."

నాకు తెలిసింది నేను చెప్పేశాను. నల్ల అట్ట నోటుబుక్కు, చర్చి వెనక గది. రెండు మాటలు. టీ చల్లారేలోపు అయిపోయింది.

మూడో రోజు పొద్దున్న పోలీసులు బజారులోనే ఆమెను పట్టుకున్నారు. ప్రభుత్వ రహస్యాలు బయటపెట్టిందని నేరం. జీపు ఎక్కుతూ నన్ను చూసి, "అక్కా, చేపల వరస మిగిలిపోయింది, నువ్వు రాసెయ్" అంది. నా మీద ఆమెకి అనుమానమే లేదు.

మధ్యాహ్నం మేం ఏడుగురం నూడుల్స్ కొట్లో కూడాం. మాలో పెద్దది బోంగ్నె. "ఆమెను వదిలేదాకా కాగితాలివ్వం అని రాసి సంతకాలు పెడదాం" అంది.

"పెడితే మననీ గెంటేస్తాడు."

"గెంటితే ఏం పోతుంది, ఈ కూలా?"

"నీకు మొగుడున్నాడు, నువ్వెన్నైనా చెబుతావు."

"నా మొగుడు తెచ్చేది నీకు ఇచ్చేస్తా, వాడితో సహా తీసుకుపో."

మాటలు అలా కొట్లాటలోకి దిగుతుండగా గప్సున్ పిన్ని గుమ్మంలోకి వచ్చింది. "ఆ పిల్ల చేసిన నేరమేమిటే?" అని అడిగింది.

"బజారు ధరలు బయటికి చెప్పిందట" అంది బోంగ్నె.

"ధర చెప్పింది నేను. ఆమె రాసుకుందంతే. చెప్పినదాన్ని వదిలేసి రాసినదాన్ని పట్టుకున్నారా?"

పిన్ని అక్కడే ఏప్రన్ విప్పి భుజాన వేసుకుని స్టేషను వైపు నడిచింది. ఆమె వెనక చేపలమ్మే ఆమె, నెత్తళ్ళమ్మే అక్కచెల్లెళ్ళు, బొగ్గు దిమ్మల ముసలాయన. మేం ఏడుగురం. స్టేషనుకి చేరేసరికి నలభైమంది పైనే అయ్యాం.

"క్యాబేజీ పధ్నాలుగు వందలని నేనే చెప్పాను. ఆర్నెల్ల కింద ఏడు వందలు. రాసుకో" అంది పిన్ని.

"ఇంటికి పోండమ్మా" అన్నాడు బల్ల దగ్గరి ఇన్‌స్పెక్టరు.

"నెత్తళ్ళ ధర నేను చెప్పాను" అంది రెండో ఆమె. "మా ఆయనకీ చెప్పాను. ఆయన్ని కూడా లోపలెయ్యండి, నాలుగు రోజులు నాకు సుఖం."

నవ్వులు లేచాయి. ఇన్‌స్పెక్టరు విసుగ్గా బల్ల మీద చరిచాడు. "ఏమిటీ గోల? ఈ ధరలు ఊరందరికీ తెలిసినవే. ఇందులో రహస్యమేముంది?"

అందరి చూపులూ ఆయన మీదికి తిరిగాయి. తన నోట ఏం వచ్చిందో అప్పటికిగాని ఆయనకి అర్థం కాలేదు.

"ఆ మాటే రాసి సంతకం పెట్టండి సార్" అంది బోంగ్నె.

వరసలో నా వంతు వచ్చింది. "నేను చెప్పింది ధర కాదు. యోన్‌హ్వా నోటుబుక్కు సంగతి చోన్‌కి చెప్పింది నేనే" అన్నాను.

పిన్ని నా వైపు తిరిగింది. "ఏమిచ్చాడు?"

"బార్లీ టీ. పర్మనెంటు పోస్టన్నాడు."

"దానికోసమేనా?"

"కాదు పిన్నీ. మీరంతా ఆమెకి పీట వేశారు. నాకెప్పుడూ వెయ్యలేదు. ఓర్వలేకపోయాను."

పిన్ని నా కాళ్ళ పక్కన ఉమ్మేసింది. ఎవరూ ఆపలేదు. బోంగ్నె తల వంచుకునే అంది: "నాకూ టీ ఇచ్చాడు. ఆ పోస్టు ఓక్‌బున్‌కి పోతోందని చెప్పాడు. నెల రోజులు ఈమె మొహం చూడబుద్ధి కాలేదు."

"నాకు నీ పేరు చెప్పాడు" అంది ఇంకొకామె బోంగ్నెతో.

ఒక్కొక్కరం బయటపెట్టుకున్నాం. ఏడుగురికీ ఏడు పేర్లు చెప్పాడు. అసలు పోస్టే లేదు. లేని ఎముక ఒకటి మా మధ్య పారేసి, మేం ఒకరినొకరం చూసి గుర్రుమంటుంటే ఇన్నేళ్ళూ వాళ్ళు హాయిగా అంకెలు దిద్దుకున్నారు.

యోన్‌హ్వాను వదల్లేదు. పెద్ద జైలుకి మార్చారు. కాగితాలిచ్చే ఇరవై ఐదో తేదీన మా ఏడుగురిలో ఒక్కరమూ ఇవ్వలేదు. ఆ పొద్దున్న బజారువాళ్ళు అట్టముక్కల మీద పోయినేటి ధర, ఈనాటి ధర రాసి మెడలో వేసుకున్నారు. పిన్ని నాతో మాట్లాడలేదు గాని, రాయమని ఒక అట్ట నా ముందు పడేసింది. అందరం ఎగుమతి ఫ్యాక్టరీల గేటుకి నడిచాం. లోపలినుంచి కుట్టుపని పిల్లలు, బూట్ల పిల్లలు మెషీన్లు ఆపి వచ్చారు. వేలమంది.

మేనేజరు మెట్లెక్కి, "ధరలు మూడు శాతమే పెరిగాయి. ఇది దేశం లెక్క" అన్నాడు.

"ఆ లెక్క ఎవరిచ్చారు?" అంది బూట్లు కుట్టే పిల్ల.

మేం ఏడుగురం ముందుకొచ్చాం. "మేమివ్వలేదు" అన్నాను. నా గొంతు మొదటిసారి అంతమందికి వినబడింది.

జనం అరిచారు. యోన్‌హ్వా పేరు. ఆమెను విడవాలని, విడిచేదాకా మెషీను తిప్పబోమని. నా పేరు ఎవరూ అరవలేదు. అది నాకు గుచ్చుకుంది. ఇవాళ కూడా గుచ్చుకుంటుంది, మీ దగ్గర దాచను. ఆ మంట అలా ఉండగానే బోంగ్నె చెయ్యి ఒకవైపు, బూట్లు కుట్టే పిల్ల చెయ్యి ఒకవైపు పట్టుకుని, పక్కవాళ్ళకన్నా గట్టిగా అదే పేరు అరిచాను. పోలీసు వ్యాన్లు మలుపు తిరుగుతున్నాయి. గేటు దగ్గరినుంచి ఒక్కరమూ కదల్లేదు.