నాలుగో ఓటు

"ఏదైనా సింపుల్‌గా చేసెయ్ మార్లిస్, హడావిడి వద్దు" అన్నాడు ఎల్డన్ పొద్దున్నే, కాఫీ కప్పు సింకులో పెడుతూ. పెట్టాడు గానీ కడగలేదు. సింపుల్ అంటే ఏమిటో పెళ్ళయిన కొత్తలోనే నేర్చుకున్నాను. సన్నసెగ మీద గంటల తరబడి ఉడికిన గొడ్డుమాంసం, సోయకూర వేసిన గ్రేవీ, ఆవిరి మీద ఉబ్బిన పిండి ముద్దలు, వాటి తర్వాత వాళ్ళమ్మ చేసినట్టే నడుమ గసగసాల ముద్ద పెట్టిన కొలాచీ బన్నులు. ఇవన్నీ చేసి కూడా చేసినట్టు కనబడకపోతే అది సింపుల్. తల దువ్వుకోకముందే పిండి కలపడం మొదలుపెట్టాను.

ఆదివారం మధ్యాహ్నం భోజనానికి రూఫస్ హోల్‌బ్రూక్, ఆయన భార్య వెర్నెల్ వస్తున్నారు. రూఫస్ కూడా మా ఆయనలాగే సెనేటర్, కాకపోతే అవతలి పార్టీ. ఆఫీసులో కలిస్తే విలేకరులు గుమ్మంలోనే పట్టుకుంటారు, హోటల్లో కలిస్తే ఎవడో ఒకడు ఫొటో తీస్తాడు. "ఇంట్లో అయితే ఎవరూ చూడరు" అన్నాడు ఎల్డన్. ఇంట్లో జరిగేది ఎవరూ చూడరన్న సంగతి నాకంటే బాగా ఎవరికి తెలుసు?

సర్కారు మూతపడి నెల దాటిపోయింది. బడ్జెట్ మీద రెండు పార్టీలకీ కుదరలేదు, ఆఫీసులకి తాళాలు పడ్డాయి. విమానాశ్రయంలో మన సంచులు తడిమి చూసే పిల్లలు జీతం లేకుండానే డ్యూటీకి వస్తున్నారు. వాళ్ళలో కొందరు యూనిఫాం కూడా విప్పకుండా వచ్చి వెర్నెల్ వాళ్ళ చర్చిలో ఉచిత సరుకుల కోసం వరుసలో నిలబడుతున్నారట. సెనేటర్ల జీతాలు మాత్రం ఆగవు, వాటికి వేరే ఏర్పాటుంది. మొన్న టీవీలో మా ఆయన గొంతు గద్గదం చేసుకుని "జీతం లేకుండా ఎన్నాళ్ళని చాకిరీ చేస్తారు పాపం మనుషులు?" అన్నాడు. అప్పుడు నేను అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. నవ్వొచ్చింది గానీ, నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది.

నేను పశువుల డాక్టర్ని. చెప్తే ఇక్కడ ఎవరూ నమ్మరు. సెనేటర్ భార్య అంటే పూల గుత్తులు, టీ పార్టీలు, ఫొటోల్లో అర అడుగు వెనక నిలబడ్డం. కానీ నెబ్రాస్కాలో, మా ప్లాట్ నది పక్క ఊళ్ళో, అడ్డం తిరిగిన దూడని ఆవు కడుపులోంచి చెయ్యిపెట్టి సరిచేసి బయటికి లాగడంలో నన్ను మించినవాళ్ళు లేరని పేరుండేది. లోర్నా, నేను కలిసి క్లినిక్ నడిపేవాళ్ళం. ఎల్డన్ గెలిచాక అది వదిలేసి వచ్చాను. ఆరేళ్ళే అన్నాడు. ఆరేళ్ళయ్యాక, మొదలుపెట్టిన పని సగంలో ఉంది, ఇంకొక్కసారి అన్నాడు. తర్వాత ఇదే ఆఖరు, మీ నాన్న మీద ఒట్టు అన్నాడు. ఒట్టు మా నాన్న మీద వేశాడు చూడండి, వాళ్ళ నాన్న మీద కాదు. వీళ్ళు బడ్జెట్లు కూడా ఇలాగే నడుపుతారు. ఫలానా తేదీ దాకా అని సర్దుబాటు చేస్తారు, ఆ తేదీ వచ్చాక ఇంకో తేదీ వేస్తారు. నా బతుకు అలాంటి సర్దుబాట్ల మీదే ఇంతదూరం వచ్చింది.

ఈ మూడో ఆరేళ్ళూ వచ్చే ఏడాదితో అయిపోతాయి. లోర్నాకి మోకాళ్ళు పోయాయి. పోయిన నెల ఫోన్ చేసి, "జనవరిలో వచ్చెయ్యవే, ఫిబ్రవరి నుంచి ఆవుల ఈతల కాలం. నువ్వు రానంటే ఒమాహా నుంచి ఎవడో కొనుక్కుంటానంటున్నాడు, వాడికిచ్చేస్తా" అంది. ఎల్డన్ పదవి పూర్తిగా ముగిసేదాకా ఆగమని అడిగాను. "నేనాగుతానే తల్లీ, నా మోకాళ్ళు ఆగవు" అంది. ఆ వారమే మా అత్తగారు ఇర్మా ఫోన్లో ఎంతో సంబరంగా, "అబ్బాయి మళ్ళీ నిలబడుతున్నాడటగా, మంచిపని. వాడు లేకపోతే ఆ వాషింగ్టన్లో అందరూ దద్దమ్మలే" అని, ఒక్క క్షణమాగి, "అయ్యో, నీకింకా చెప్పలేదా అమ్మాయ్?" అంది. చెప్పలేదు. సాయంత్రం అడిగితే, "ఇంకా ఏమీ అనుకోలేదు మార్లిస్, పార్టీవాళ్ళు ప్రాణం తీస్తున్నారు. అయినా దేశం మూతపడి ఉంటే ఇప్పుడా ఈ గొడవ?" అన్నాడు. నాకు సిగ్గేసింది. దేశానికి అడ్డం పడ్డదాన్నయిపోయాను.

రూఫస్ పొడుగాటి మనిషి, మెల్లగా తింటాడు, మెల్లగా మాట్లాడతాడు. గ్రేవీ రెండోసారి వేసుకుని అసలు సంగతి ఎత్తాడు. "చూడు ఎల్డన్, మావాళ్ళు కొందరు తలుపులు తెరవడానికి ఓటేస్తారు. ఊరికే వెయ్యరు. పేదల తిండి సాయం ఏడాది పొడుగునా ఆగకూడదు. పనిచేసినవాళ్ళకీ, ఇంట్లో కూర్చోబెట్టినవాళ్ళకీ ఆగిపోయిన జీతమంతా ఇవ్వాలి. వైద్య బీమా సాయం మీద డిసెంబర్లో ఓటింగ్ పెట్టాలి. తేదీతో సహా మాటివ్వాలి."

"ఓటింగ్ పెడితే ఓడిపోతారు కదయ్యా మీరు."

"ఓడిపోతే ఓడిపోతాం. ఎవరెటు ఓటేశారో జనం చూస్తారు. మాకది చాలు."

"మా నాయకుడు ఒప్పుకోడు."

"నలుగురు లేచి నిలబడితే అతనికి బలం సరిపోదు, ఒప్పుకుంటాడు. మీలో ముగ్గురున్నారని నాకు తెలుసు. నాలుగోవాడివి నువ్వు."

ఎల్డన్ నేప్‌కిన్ మడతలు పెట్టసాగాడు. "అంత తేలిక కాదు రూఫస్" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు రాజ్యాంగం, పద్ధతులు, సెనేట్ గౌరవం అంటూ ఏవేవో మాట్లాడాడు. నేను పళ్ళేలు తీశాను. వెర్నెల్ నా వెనకే వంటింట్లోకొచ్చి, అడక్కుండానే తువ్వాలు అందుకుంది.

సెనేటర్ల భార్యలకో సంఘం ఉంది. మగవాళ్ళు టీవీలో కత్తులు దూసుకున్న రోజుల్లో కూడా మేం రెండు పార్టీలవాళ్ళం కలిసే కూర్చుంటాం. వెర్నెల్‌తో స్నేహం అక్కడే. నా దగ్గర మొహమాటపడే మనిషి కాదు.

"మీ ఆయనకి ఏం భయమే?" అంది గ్లాసు తుడుస్తూ.

"నీకు తెలీదా?"

"తెలుసులే. మాతో చెయ్యి కలిపాడంటే రేపు పార్టీ టికెట్టు కోసం మీవాళ్ళలోనే ఎవడో ఒకడు పోటీకి దిగి ఓడగొడతాడు. మా ఆయనకా బెడద లేదు, ఇప్పుడే గెలిచాడు, అయిదేళ్ళ దాకా అడిగేవాడు లేడు. మిగతా ముగ్గురిలో ఇద్దరు మళ్ళీ నిలబడేది లేదని చెప్పేసినవాళ్ళే. మళ్ళీ ఓటడగక్కర్లేనివాడికే మా తల్లీ నిజం చెప్పే దమ్ముండేది." తువ్వాలు దులిపింది. "మీ ఆయన కూడా ఇదే ఆఖరన్నాడుగా? నువ్వేగా చెప్పావు. మరి ఎందుకిలా నసుగుతున్నాడు?"

చేతులు సబ్బు నీళ్ళలోనే ఉండిపోయాయి. ఇన్నాళ్ళూ నా కోరిక ఒక పక్కా, దేశం ఇంకో పక్కా అనుకున్నాను. అతనూ అలాగే అనిపించాడు. నేను క్లినిక్ మాటెత్తితే దేశం పేరు చెప్పి నోరు మూయించాడు. తీరా చూస్తే దేశానికి కావలసిందీ నాకు కావలసిందీ ఒకటే. అతను మాట నిలబెట్టుకోవడం! అది చెయ్యలేక ఇద్దర్నీ ఆపి కూర్చున్నాడు. ఒళ్ళు మండిపోయింది. చాలా ఏళ్ళ తర్వాత వచ్చిన కోపం అది, అలసట కింద ఇంత కోపం దాగుందని నాకే తెలీదు.

కొలాచీల పళ్ళెం పట్టుకెళ్ళి బల్ల మీద పెట్టాను. ఎల్డన్ ఇంకా చెప్తున్నాడు, "మా రాష్ట్రంలో వచ్చే ఏడాది పరిస్థితి చూసుకోవాలి కదా…"

"రూఫస్ గారూ, ఎల్డన్ మళ్ళీ నిలబడట్లేదు. ఇదే ఆఖరు. మీకు చెప్పలేదా?" అన్నాను.

వెర్నెల్ ఒక కొలాచీ తీసుకుని కొరికి, "అబ్బ, గసగసాలు ఎంత బాగా కుదిరాయే" అంది. రూఫస్ ఫోర్కు కింద పెట్టి ఎల్డన్ వైపు చూశాడు. ఆ చూపులో ఎగతాళి లేదు, గౌరవం ఉంది. "అలాగా! మరింకేం ఎల్డన్? నీకింక ఎవరితో పని?" అన్నాడు.

ఎల్డన్ నవ్వు మొహంతోనే లేచి నన్ను వంటింట్లోకి తీసుకొచ్చాడు. తలుపేశాక నవ్వు పోయింది.

"ఎవర్నడిగి చెప్పావ్?"

"మొదటిసారి గెలిచిన రాత్రి లింకన్లో మైకు ముందు నిలబడి, మా ఆవిడ ప్రాక్టీసు వదిలేసి నాతో వచ్చేస్తోంది అన్నావే, అప్పుడు నువ్వెవర్నడిగావ్? జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, కెమెరా నా మీదుందని."

"ఎప్పటి మాట! ఇప్పుడా తవ్వుతావు? బయటికెళ్ళి సరదాకన్నానని చెప్పు."

"నువ్వు చెప్పుకో. నువ్వు కాదంటే నేనడ్డం రాను. మా ఆవిడకి మతి లేదు, నేను నిలబడుతున్నాను అను."

అనలేదు. అలా అంటే తను ఎందుకు వెనకాడుతున్నాడో రూఫస్‌కి అర్థమైపోతుంది. కోటు సర్దుకుని వెళ్ళాడు. గోడ అవతల నుంచి అతని గొంతు వినిపించింది, టీవీ గొంతు. "తేదీ ఎప్పుడు కావాలంటావు రూఫస్?"

ఆ వారంలోనే అయిపోయింది. తేదీతో సహా మాట వచ్చింది, ఇటు నలుగురు, అటు కావలసినంతమంది లేచారు. రెండు పార్టీల్లోనూ తిట్టేవాళ్ళు తిట్టారు, సర్కారు తెరుచుకుంది. విమానాశ్రయంలో పిల్లలకి జీతాలు పడ్డాయి. వెర్నెల్ ఫోన్ చేసి చర్చి దగ్గర వరుస తగ్గిందని చెబితే ఏడుపొచ్చింది నాకు. ఎల్డన్‌ని పత్రికలు ఆకాశానికెత్తేశాయి. పదవిని త్యాగం చేసి దేశాన్ని గట్టెక్కించిన మనిషి అన్నాయి. మా అత్తగారు ఆ కాగితాలన్నీ కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకుందట.

శనివారం పొద్దున నేను వంటింటి బల్ల దగ్గర గోళ్ళు తీసుకుంటున్నాను, బాగా పొట్టిగా, వేలి కొసల దాకా. ఎల్డన్ వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మొహం వెలిగిపోతోంది.

"మార్లిస్, ఫోన్లు ఆగట్లేదు. ఇలాంటివాడే కావాలి, మనసు మార్చుకోండి అంటున్నారు. మన పార్టీవాళ్ళే కాదు, రెండు వైపులా!" బల్ల మీద ముందుకు వంగాడు. "కోప్పడకు, విను. మధ్యేమార్గం ఆలోచించాను. నెలకో వారం నువ్వు ఊరెళ్ళు. క్లినిక్‌లో కూర్చో, సరదా తీరుతుంది. రెండేళ్ళు చూద్దాం. అప్పటికీ కుదరకపోతే నేనే దిగిపోతాను. పోనీ నెలకి రెండు వారాలు? నీ మాటా ఉంటుంది, నా మాటా ఉంటుంది."

రూఫస్‌తో మాట్లాడిన గొంతే. మంచి గొంతు, నమ్మబుద్ధేసే గొంతు. అతను దిగిపోతే గానీ నా బతుకు తెరుచుకోదని ఇన్నేళ్ళూ ఎలా అనుకున్నానో! అతను నిలబడినా, కూర్చున్నా, గెలిచినా, ఓడినా, లోర్నా క్లినిక్ తలుపు నా కోసం తెరిచే ఉంది. నేనే అతని వంక చూస్తూ కూర్చున్నాను. ఆ మాట అర్థమయ్యేసరికి జుట్టు నెరిసిపోయింది.

"నిలబడాలని ఉంటే నిలబడు" అన్నాను.

"నిజంగా?" మొహం చాటంతైంది. "అంటే ఒప్పుకున్నట్టేనా? ఎన్ని వారాలు కావాలో నువ్వే చెప్పు."

ఆఖరి గోరు కూడా తీసేసి, చెయ్యి చాపి వెలుతుర్లో చూసుకున్నాను. ఆవుకి గుచ్చుకోదు.

"ఇది బేరం కాదు ఎల్డన్, కబురు. జనవరి మొదటి సోమవారం నుంచి నేను పనిలో ఉంటాను."