పొట్టి పెన్సిలు

ఎంతటి డాక్టరు రాసిన చీటీనైనా ఇట్టే చదివేస్తుందని మందుల షాపులో ఆమెకు పేరు. ఇంట్లో ఆరేళ్ళ కూతురి రాత మాత్రం ఆమెకే కొరుకుడు పడేది కాదు. అక్షరాలు కోడి కెలికినట్టుండేవి.

సాయంత్రం షాపు నుంచి రాగానే కూతుర్ని భోజనాల బల్ల ముందు కూర్చోబెట్టి రెండు పేజీలు రాయించేది. పిల్లని ఇంట్లో అందరూ పిచ్చుకా అని పిలిచేవారు. పిచ్చుక పెన్సిల్ని గుప్పిట్లో బిగించి, కాగితం చిరిగేలా రాసేది.

"అమ్మా, చెయ్యి నొప్పిగా ఉందే."

"ఆటలప్పుడు రాని నొప్పి రాతకే వస్తుందా?"

అనేసి, తర్వాత తనలో తనే నొచ్చుకునేది. పిల్ల చేతిలోనే ఏదైనా లోపముందేమోనన్న భయం ఆమెను తొలిచేస్తోంది. ఆ మాట భర్తతో కూడా అనలేదు.

అంతలో టీచరు రమ్మని కబురు పెట్టింది. సగం రోజు సెలవు పెట్టి, గుండె చిక్కబట్టుకుని వెళ్ళింది. టీచరు పిచ్చుక చేత ఒక వరుస రాయించి, ఆ చిన్ని వేళ్ళను నొక్కి చూసింది.

"ఇంట్లో రాసేటప్పుడు కాళ్ళు నేలకి ఆనుతాయా?"

"లేదండీ, ఊపుకుంటూ కూర్చుంటుంది."

"కాళ్ళకి ఆసరా ఉంటేనే చెయ్యి నిలుస్తుంది. వేళ్ళకి కూడా ఇంకా బలం రాలేదు. జబ్బేం కాదమ్మా, ఈ వయసులో మామూలే."

"నిజంగానా?" అని రెండుసార్లు అడిగింది తల్లి. అన్నాళ్ళుగా గుండెల మీదున్న బండ దిగిపోయి, అక్కడే కళ్ళు తుడుచుకుంది.

"నెల్లాళ్ళు పేజీల మాట మర్చిపోండి. పిండి పిసకనివ్వండి, ఆరేసిన బట్టలకి క్లిప్పులు పెట్టనివ్వండి. రాయడానికి వేలెడంత పెన్సిలు ముక్క చాలు, దాన్ని గుప్పిట్లో బిగించడం కుదరదు. రోజుకి ఐదు నిమిషాలే."

ఆ సాయంత్రం తండ్రి పాత పేపర్లు కుక్కిన అట్టపెట్టెను పిచ్చుక కాళ్ళ కింద పెట్టాడు. కొత్త పెన్సిల్ని మూడు ముక్కలు చేస్తూ, "ఇదే పని నేను చేసుంటే మా నాన్న నా వీపు విమానం మోత మోగించేవాడు" అన్నాడు.

మర్నాటి నుంచి తీగ మీద ఆయన చొక్కా ఒక్కదానికే ఏడు క్లిప్పులు వేలాడాయి. రాసే ఐదు నిమిషాలూ తల్లి పక్కనే నోరు మెదపకుండా కూర్చునేది. అదే ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది. మొదటి వారం ఏ మార్పూ లేదు. మూడో వారానికి అక్షరాలు గీత మీద కుదురుగా కూర్చున్నాయి. చేతి నొప్పి మాట మళ్ళీ వినబడలేదు.

ఒక ఆదివారం పొద్దున పిచ్చుక తనంతట తనే చీటీలు రాసి వంటింటి డబ్బాలకు అంటించింది. కాసేపటికి టీ కలుపుకున్న తండ్రి ఒక్క గుక్క తాగి, సింకు దగ్గరికి పరుగెత్తాడు.

"ఉప్పు డబ్బా మీద పంచదార అని రాసిందెవరు?"

తల్లి వచ్చి చీటీ చూసింది. గుండ్రటి అక్షరాలు. దీర్ఘం కూడా తప్పలేదు.

"చీటీ చదవలేదా?" అంది నవ్వాపుకుంటూ.

"చదవగలిగాను కాబట్టేగా మోసపోయాను!"

ఆమె గోడకి ఆనుకుని, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది.