వెనక చక్రం కింది నిమ్మకాయ

టైరంటే ఏముంది? నల్లగా ఉంటుంది, గుండ్రంగా ఉంటుంది, గాలి కొడితే నిలబడుతుంది. సీతాఫల్‌మండిలో ఎవరినడిగినా ఇంతకు మించి చెప్పరు. తిరుమల్‌ను అడిగారా, మీకు ఆ పూటకు అన్నం నీళ్లు లేనట్టే. మట్టి ఎర్రదా, నల్లదా, వాన పడి ఎంతసేపయింది, రాళ్లు కదిలేవా, పాతుకున్నవా అని మొదలుపెట్టి, మీరు వాచీ చూసుకుంటున్నా వదలడు.

అతనిది ఇన్సూరెన్స్ సర్వేయర్ ఉద్యోగం. గుద్దుకున్న బండ్లనూ పడ్డ బండ్లనూ చూసి, ప్రమాదం ఎలా జరిగిందో రాయాలి. "టైరు జారింది సార్" అని ఎవరైనా అంటే ఒప్పుకునేవాడు కాదు. "టైరు దానంతటది జారదు. నువ్వేం చేసినవో చెప్పు" అని నిలదీసేవాడు. అంతటి ఘనుడు, పోయిన వానాకాలంలో బొల్లారం అవతల ఓ ఖాళీ జాగాలో బురదలో పడ్డాడు. ఏనుగంత అడ్వెంచర్ బైకు కింద కాలు ఇరుక్కుంది. గేదెలు తోలుకుపోయేవాళ్లు చూసి లేపారు. కబురందుకుని ఆటోలో పరుగెత్తుకొచ్చిన భార్య సుకన్యతో అతను అన్న మొదటి మాట, "టైరు జారింది."

కాలికి కట్టు కట్టించుకుని ఇంటికొచ్చాక సుకన్య అతని చేతిని లాగి తన నెత్తి మీద పెట్టుకుంది.

"ఇంకొక్కసారి పడితే బండి అమ్మేస్తా అని ఒట్టెయ్యి."

"గట్లెందుకు పడతనే? టైర్లు మారుస్తా గద."

"ఒట్టెయ్యమన్న."

వేశాడు. అప్పటినుంచి మనిషికి నిలకడ లేదు. ఎందుకంటే ఆ బండి అతనికి ఉత్త బండి కాదు. యాభై దాటాక తనకోసం తాను కొనుక్కున్న మొదటి వస్తువు. రోజంతా ఇతరుల విరిగిన బండ్లూ విరిగిన ఎముకలూ చూసి వచ్చే మనిషికి, మట్టిదారిలో ఆ బండి మీద లేచి నిలబడి పోతున్నంతసేపూ ఎవరి ప్రమాదమూ గుర్తుకు రాదు. అది పోతే తనకు మిగిలేది ఆఫీసే.

కాలు బాగయింది, మళ్లీ వానలొచ్చాయి. ఆదివారం అతనితో బండ్ల మీద తిరిగే మిత్రులంతా అనంతగిరి అడవి దారికి పోతున్నారు. తిరుమల్ వస్తానని మాటిచ్చాడు. మాటిచ్చిన దగ్గర్నుంచీ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగాడు. తింటూ తింటూ లేచిపోయి కిందికి దిగి టైరును బొటనవేలితో నొక్కి చూసేవాడు. ఫోనులో టైర్ల వీడియోలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టేవాడు. వంటింట్లోకి వినబడేంత గట్టిగా పెట్టేవాడు. ప్రతి వీడియోలోనూ ఎక్కడో ఒకచోట, బురదలో ముందు బ్రేకు మీద రెండు వేళ్లే ఉంచాలనీ, హ్యాండిల్ తిరిగి ఉన్నప్పుడు దాన్ని గట్టిగా పట్టకూడదనీ చెప్పేవాళ్లు. ఆ ముక్క మొదలుకాగానే అతను వీడియోను ముందుకు జరిపేవాడు.

బోయిగూడలో తారిఖ్‌ది టైర్ల దుకాణం. తానూ బండి మీద ఊళ్లు తిరిగే మనిషే, తిరుమల్ కంటే చిన్నవాడు. వారంలో ఇన్నిసార్లు వచ్చిన గిరాకీ అతనికి ఇంకొకరు లేరు.

"మళ్ల ఏమైందన్నా? నిన్న గుబ్బల టైర్లే ఖాయమన్నవ్."

"గుబ్బలు పెద్దగుంటే నల్లరేగడిల మట్టి ఇరికి, చక్రం తిరగదంట గద?"

"అయితే సగం రోడ్డుకు, సగం మట్టికి పనికొచ్చేటియి తీస్కో."

"వాటికి బురదల పట్టు చాలదేమో."

"గుబ్బలే తీస్కో మరి."

"సిమెంట్ రోడ్డు మీద జారితే?"

తారిఖ్ తలపట్టుకున్నాడు. "నన్ను పరేషాన్ చెయ్యకన్నా. ఒక్క మాట చెప్పు. అప్పుడు బొల్లారంల ఎట్ల పడ్డవ్? గది తెలిస్తే నీకేం టైరు కావాల్నో నేనే చెప్తా."

తిరుమల్ గోడకు వేలాడుతున్న టైర్ల వైపు తిరిగాడు. "చెప్పిన గద. జారింది."

"జారింది సరే, ఎట్ల జారింది?"

"గుబ్బలే ఎయ్యి" అన్నాడు తిరుమల్, గొంతు పెంచి. తారిఖ్ రెండు చక్రాలకూ పెద్ద గుబ్బల టైర్లు ఎక్కించి, కొత్త టైరు మీద జారుడు పొర ఉంటుంది, అది అరిగేదాకా జెర పైలంగా నడుపు అని మాత్రం చెప్పాడు.

టైర్లు మారాయి కానీ కుదురు రాలేదు. ఈసారి సుకన్య పట్టుబట్టింది. "బండి కొన్ననాడు పూజ వద్దన్నవ్. గందుకే గట్లయింది. శనివారం పొద్దున గుడికి తీస్కపోవాలె."

"టైర్లకు పూజ ఏందే? నవ్వుతరు."

"నవ్వనీ."

అలా శనివారం పొద్దున గల్లీ చివరి గుడి ముందు, ఆ బండి పెళ్లికొడుకులా నిలబడింది. అయ్యగారు హ్యాండిల్‌కు దండ వేసి, ట్యాంకు మీద పసుపుతో స్వస్తిక్ దిద్ది, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్లు చక్రాల ముందు చల్లారు. ముందు చక్రం కింద ఒకటి, వెనక చక్రం కింద ఒకటి, నిమ్మకాయలు పెట్టారు. "ఎక్కి తొక్కించండి నాయనా" అన్నారు.

తిరుమల్ ఎక్కాడు. గల్లీలోకి మళ్లాలి కనుక హ్యాండిల్ ఎడమకు తిప్పి, మెల్లగా క్లచ్ వదిలాడు. ముందు నిమ్మకాయ టప్పున పగిలింది. వెనకదాన్ని గుబ్బ ఒకటి పక్కకు తన్నేసింది. అదే సమయానికి మూల మీంచి ఓ స్కూటీ ఎదురొచ్చింది. తిరుమల్ కుడిచేయి నాలుగు వేళ్లూ బ్రేకు మీద బిగుసుకున్నాయి. బండి అక్కడే మోకాళ్లు విరిగినట్టు కూలింది. అతను దేవుడి దయవల్ల పక్కకు దూకి నిలబడ్డాడు గానీ, దండతో సహా బండి గుడి ముందు సాగిలపడింది.

స్కూటీ ఆగింది. దాని వెనక ఆటో ఆగింది. ఆ వెనక హారన్లు షురూ అయ్యాయి.

సాకులకు కరువేం లేదు, గల్లీ అంతా తలా ఒకటి అందించింది.

"కొబ్బరి నీళ్లు పోసిరి, జారదా మరి?" అంది పూలమ్మే బాలమ్మ.

"నిమ్మకాయ రసం మీద ఏ చక్రమైనా జారుతది" అన్నాడు స్కూటీ అతను.

"దిష్టి పోయింది లెండి, మంచిదే" అన్నారు అయ్యగారు.

ఎదురుగా చాయ్ దుకాణం ఓంప్రకాశ్ దగ్గరికొచ్చి గుబ్బలను వేలితో తట్టాడు. "గీ టైర్లు సిమెంట్ మీద పట్టయి సార్. టైర్లదే తప్పు."

కోరుకున్న మాట కోరకుండానే వచ్చింది. ఊ అంటే చాలు. తిరుమల్ నోరు తెరిచాడు కూడా. అప్పుడు చూసుకున్నాడు తన కుడిచేతిని. లేని బ్రేకును ఇంకా నాలుగు వేళ్లతో పట్టుకునే ఉంది.

సుకన్య అతని ఎదురుగా వచ్చి నిలబడింది. అరవలేదు.

"ఎట్ల పడ్డవ్?"

ఇన్నేళ్లుగా ప్రతి ఒక్కరినీ తాను అడిగిన ప్రశ్న. అబద్ధం చెప్పేవాళ్ల కళ్లు ఎటు పోతాయో అతనికి తెలుసు, అందుకే కళ్లు దించకుండా చెప్పాడు.

"టైరు కాదు, నిమ్మకాయ కాదు. హ్యాండిల్ తిప్పి ఉండంగ ముందు బ్రేక్ గట్టిగ పట్టిన. భయమై పట్టిన. బొల్లారంల సుత గదే చేసిన."

"గప్పుడు చెప్పలే."

"నాకు నేను సుత చెప్పుకోలే." యాభై దాటిన మనిషి, గల్లీ మధ్యలో, కింద పడున్న బండి పక్కన కళ్లు తుడుచుకున్నాడు. "ఒట్టేసిన గద. అమ్మేస్తా. రేపు అనంతగిరికి నేను రానని దోస్తులకు ఫోన్ చేస్తా."

హారన్లు ఆగలేదు. సుకన్య బండినీ, అతన్నీ మార్చి మార్చి చూసింది.

"నువ్వు పడతవని కాదు నా భయం" అంది. "ఎందుకు పడ్డవో తెల్వకుండనే మళ్ల పోతున్నవని భయం. టైర్లు, టైర్లు అని ఇల్లంత తిరుగుతుంటే నాకు రాత్రి నిద్ర పట్టలే. ఇప్పుడు తెలిసింది గద?"

"తెలిసింది."

"నా నెత్తి మీది ఒట్టు. నేనే తీసేస్తున్న. జెర లేపు బండిని, అందరు తిట్టుకుంటుండ్రు."

ఓంప్రకాశ్ చెయ్యి వేయబోతే తిరుమల్ వద్దన్నాడు. బండికి వీపు ఆనించి, మోకాళ్లు వంచి, ఒక చేత హ్యాండిల్, ఒక చేత వెనక కడ్డీ పట్టుకుని కాళ్లతో తోశాడు. మొదటిసారి కదల్లేదు. రెండోసారి నడుము కలుక్కుమంది కానీ బండి లేచి నిలబడింది. దండ సగం తెగింది, అద్దం ఒకటి పగిలింది. బాలమ్మ చప్పట్లు కొట్టింది.

సుకన్య కాలువ పక్కకు దొర్లిపోయిన నిమ్మకాయను వెతికి తెచ్చింది. కొంగుతో తుడిచి, వంగి వెనక చక్రం కింద సర్దింది.

"ఇది నలగనే లేదు. ఎక్కు" అంది.

తిరుమల్ ఎక్కి క్లచ్ పట్టుకున్నాడు. సుకన్య అతని కుడిచేతి దగ్గరికొచ్చి, బ్రేకు మీది చివరి రెండు వేళ్లనూ తీసి హ్యాండిల్ చుట్టూ వేసింది.

"రెండే" అంది. "నువ్వు గా ముక్క కాడికొచ్చినప్పుడల్ల వీడియో ముంగటికి జరుపుతవ్. వంటింట్ల నుంచి నేను వింటనే ఉన్న."